ఒకటికి పది లెక్క తప్పు

రోడ్డు వెడల్పు చేయాలన్నా, కాలువ గట్టు బాగుచేయాలన్నా, పంచాయతీ స్థలంలో షెడ్డు వేయాలన్నా ముందు వేటు పడేది చెట్టు మీదే. ఆ వేటు వెనకాలే ఒక మాట వస్తుంది: “ఒకటి కొడితే పది నాటుతాం.” అధికారి నోటా అదే మాట, కాంట్రాక్టరు నోటా అదే మాట, సర్పంచి నోటా అదే మాట. ఆ చెట్టు నీడన బస్సు కోసం నిలబడిన మనిషి కూడా సరేనని తలూపుతాడు. ఒకటి పోయి పది వస్తుంటే కాదనడానికి ఏముంటుంది? ఈ మాట అనేవాళ్లలో చాలామంది మంచి మనసుతోనే అంటున్నారు. అందుకే దీన్ని గట్టిగా ఖండించాలి. చెడ్డ ఉద్దేశంతో చేసిన తప్పును జనం పసిగడతారు. మంచి ఉద్దేశంతో చేసిన తప్పు మాత్రం ఆనవాయితీగా మారిపోతుంది.

ఈ లెక్క ఎందుకు తప్పంటే, ప్రకృతిలో ప్రాణులన్నీ ఒకే బరువు మోయవు. కొన్ని జాతులు కొద్ది సంఖ్యలోనే ఉన్నా, తమ సంఖ్యకు పొంతన లేనంత బరువు మోస్తాయి. అలాంటి జాతిని తీసేసి ఇంకేవో జాతులను పదింతలు తెచ్చిపెట్టినా ఆ బరువు మోసేవాళ్లు ఉండరు. మన కృష్ణా పశ్చిమ డెల్టాలో అలాంటి బరువు మోస్తున్న చెట్లు నాలుగు: రావి, మర్రి, జువ్వి, మేడి. తెనాలి దగ్గరి అంగలకుదురు పొలిమేర నుంచి రేపల్లె, బాపట్ల తీరందాకా వరిచేలు, మినుము చేలు, అరటి తోటల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన ఈ చెట్లను కానుగతో, తురాయితో, కోనోకార్పస్‌తో సమానం చేసి తలలెక్క కట్టడం శాస్త్రానికీ విరుద్ధం, రైతుకూ నష్టం.

తలలెక్క మనకు బాగా అలవాటైపోయింది. తెలంగాణలో 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు చెప్పిన లక్ష్యం 230 కోట్ల మొక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో ‘వనం మనం’ కూడా కోట్లలోనే మాట్లాడింది. 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోమంది, బదులుగా మొక్కలు నాటమంది. ఇవి చెడ్డ పనులని నేననను. మొక్క నాటిన ప్రతి చేతికీ దండం పెడతాను. కానీ ఈ పథకాల నివేదికల్లో ముందు కనిపించేది ఒకే అంకె, ఎన్ని నాటారన్నది. ఏ జాతి పోయింది, దాని బదులు ఏ జాతి వచ్చింది, పోయినది చేసిన పని వచ్చినది చేస్తుందా అన్న ప్రశ్నలకు అందులో గడే ఉండదు.

ఈ ప్రశ్నకు శాస్త్రం అరవై ఏళ్ల కిందటే జవాబు చెప్పింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరాన మకా బే అనేచోట రాబర్ట్ పెయిన్ అనే జీవశాస్త్రవేత్త 1963లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఆటుపోట్లకు తడిసే బండల్లో ఒక భాగం ఎంచుకుని, దాని మీదున్న ఊదారంగు నక్షత్రచేపలను పట్టి లాగి సముద్రంలోకి విసిరేశాడు. పక్క భాగాన్ని అలాగే ఉంచాడు. మళ్లీ వచ్చిన నక్షత్రచేపలను మళ్లీ మళ్లీ తీసేస్తూ వచ్చాడు. నక్షత్రచేపలున్న బండ మీద పదిహేను జాతులు కాపురం చేస్తుంటే, అవి లేని బండ మీద 8 జాతులే మిగిలాయి. ఆల్చిప్పలను తినే ప్రాణి పోయేసరికి ఆల్చిప్పలు విజృంభించి, మిగతావాటికి చోటు లేకుండా బండంతా ఆక్రమించాయి. 1966లో పెయిన్ ఈ ఫలితాలు ప్రచురించాడు. 1969లో అలాంటి ప్రాణికి ‘కీస్టోన్ స్పీసీస్’ అని పేరు పెట్టాడు. మనం కీలక జాతి అంటున్నాం.

ఆ బండ దగ్గర ‘ఒకటికి పది’ అనే పెద్దమనిషిని నిలబెడదాం. ఒక నక్షత్రచేప పోయింది, దాని చోట పది కాదు, వందల ఆల్చిప్పలు వచ్చాయి. ఆయన పుస్తకంలో అది ఘనవిజయం. బండ మీద మాత్రం సగం కాపురాలు కూలిపోయాయి. సంఖ్య పెరగడమూ, జీవం తరగడమూ ఒకేసారి జరగగలవని ఆ బండ రుజువు చేసింది.

ఇప్పుడు మన చెట్ల దగ్గరికి వద్దాం. ఒక మేడిపండు తెంపి రెండుగా విప్పి చూడండి. వేమన పద్యం పుణ్యమా అని మేడిపండుకు తరతరాలుగా చెడ్డపేరు వచ్చింది. లోపల పురుగులు కనిపించగానే ఛీ అని పారేస్తాం. కాస్త ఆగి చూస్తే, లోపలి గోడ నిండా దగ్గరదగ్గరగా అమరిన సన్నటి పూలు కనిపిస్తాయి. మనం పండు అనుకునేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఆ పురుగులు దోమకన్నా చిన్నవైన కందిరీగలు. పండు కొసన ఉన్న సన్నటి రంధ్రంలోంచి తల్లి కందిరీగ లోపలికి దూరుతుంది. ఆ ఇరుకులో దాని రెక్కలు ఊడిపోతాయి. వెంట తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ముందుగా పుట్టే మగ కందిరీగలకు రెక్కలుండవు. అవి ఆడవాటితో కూడి, బయటికి దారి తొలిచి, చాలావరకు లోపలే ముగిసిపోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ దారిన బయటికొచ్చి ఎగిరిపోతాయి. మేడి కందిరీగ మేడికే, రావి కందిరీగ రావికే, మర్రి కందిరీగ మర్రికే. ఒక జాతి పని ఇంకో జాతి చేయదు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. బయటికొచ్చిన ఆ ఆడ కందిరీగకు ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆ కొద్దిలోనే తన జాతి చెట్టు మరొకటి, సరిగ్గా పూలు సిద్ధమైన దశలో దొరకాలి. ఊళ్లో మేడిచెట్లన్నీ ఒకే నెలలో కాసి ఒకే నెలలో రాలిపోతే కందిరీగకు పోయే చోటు ఉండదు, ఆ తరంతోనే వంశం ఆగిపోతుంది. దానితోపాటు మేడికీ విత్తనం ఉండదు. అందుకే ఒక చెట్టు కాయలు దాదాపు ఒకేసారి పండుతాయి గానీ, చెట్లన్నీ కలిసి ఒకేసారి పండవు. ఈ చెట్టుది ఈ నెల, ఆ చెట్టుది ఆ నెల. ఫలితంగా ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట పండు ఉంటుంది. కందిరీగ కోసం ఏర్పడిన ఈ వంతులే పిట్టలకూ గబ్బిలాలకూ ఉడతలకూ సంవత్సరమంతా తిండి అయ్యాయి.

మిగతా చెట్లను ఈ వరసలో పెట్టి చూడండి. వేపపండు, నేరేడు, ఈత దాదాపుగా ఎండాకాలం చివరి నుంచి తొలకరి దాకానే. ఆ రోజుల్లో పిట్టకు పండుగే. ఆ పండుగ వెళ్లాక? కార్తీకంలో ఏం తినాలి? సంక్రాంతికి ఏం తినాలి? కానుగ కాయ పిట్ట నోటికి రాదు. తురాయి కాయ ఎండి గలగలలాడే బెరడు. కోనోకార్పస్ ఏడాదంతా పచ్చగా ఉంటుంది, కానీ మన పిట్టకు పెట్టే పండు దానికి లేదు. 2023లో గుజరాత్ ప్రభుత్వం ఆ మొక్కను నాటొద్దని నిషేధించింది కూడా. వీటిని పది కాదు, వెయ్యి నాటినా పుష్యమాసంలో ఒక కంసాలి పిట్ట ఆకలి తీరదు. మేడిచెట్టు ఒక్కటి పోతే పోయేది కలపా నీడా మాత్రమే కాదు. పిట్టల క్యాలెండర్లో ఒక నెల ఖాళీ అవుతుంది. చెట్లు తగ్గేకొద్దీ ఆ ఖాళీ నెలలు పెరుగుతాయి. పదకొండు నెలలు తిండి దొరికి పన్నెండో నెల దొరక్కపోతే ఏ పిట్టా ఆ ఊళ్లో ఉండదు.

ఇది ఊరి అభిమానంతో చెబుతున్న మాట కాదు. ప్రపంచమంతటి పరిశీలనలనూ కలిపి 2001లో వేసిన లెక్కలో, ఈ నాలుగు చెట్లూ చేరిన ఫైకస్ ప్రజాతి పండ్లు తినే పక్షులూ పాలిచ్చే జంతువులూ కలిపి 1,274 జాతులని తేలింది. 1998లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం, పక్కనున్న ఇతర పండ్లతో పోలిస్తే వీటిలో కాల్షియం మూడింతలకు పైగా ఉంటుంది. గుడ్డు పెంకుకూ, పెరిగే పిల్ల ఎముకకూ కావలసింది అదే. పెరూ అడవుల్లో జాన్ టెర్బర్గ్ 1986లో చూపించింది ఏమిటంటే, మిగతా పండ్లన్నీ అయిపోయిన కరువు నెలల్లో అడవిలోని పండు తినే ప్రాణులను నిలబెట్టేది, మొత్తం మొక్కల జాతుల్లో నూటికి ఒకటి కూడా లేని కొద్ది జాతులని. వాటిలో ముఖ్యమైనవి ఈ ప్రజాతి చెట్లే. మన దేశంలోనే అస్సాం పల్లెల్లో పొలాల మధ్య ఒంటరిగా నిలిచిన చెట్లను పరిశీలించినప్పుడు, ఈ ప్రజాతి చెట్ల మీదికి మిగతా చెట్లకన్నా ఎక్కువగా పండు తినే పిట్టలు వస్తున్నాయని తేలింది.

“పిట్టలు లేకపోతే రైతుకేం పోయింది?” అని అడిగేవాళ్లుంటారు. డెల్టా రైతు అడగాల్సిన ప్రశ్న కాదిది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకాలే కొంగలతోపాటు గోరింకలు ఎందుకు దిగుతాయో అతనికి తెలుసు. ఆ గోరింక గూడు పెట్టేది చెట్టు తొర్రలో. రామచిలుకదీ పాలపిట్టదీ గుడ్లగూబదీ అదే పద్ధతి. తొర్ర పడాలంటే చెట్టు ముసలిదై, కొమ్మ విరిగి, లోపల పుచ్చి, ఖాళీ ఏర్పడాలి. ట్రీగార్డు మధ్య నిలబెట్టిన నడుమెత్తు మొక్కకు తొర్ర రావడానికి ఒక మనిషి జీవితం పడుతుంది. ఈలోగా గుడ్లగూబ ఎక్కడ ఉండాలి?

వరి పొట్టకొచ్చిన దశలో ఎలుక పిలకలను మొదలంటా కొరికేస్తుంది. కంకి పండాక బొరియలోకి లాక్కుపోయి దాస్తుంది. దానికి మనం బుట్టలు పెడతాం, కన్నాల్లో పొగ పెడతాం, మందు పెడతాం. మందు తిని తూలుతున్న ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చచ్చే ప్రమాదం ఉంది. పిల్లలున్న గుడ్లగూబ జంట రాత్రంతా ఎలుకలు పట్టి గూటికి మోస్తుంది. కూలి అడగదు, మందు ఖర్చు ఉండదు. దాని ఇంటిని కొట్టేసి, దాని తిండిలో విషం కలిపి, ఎలుకలు పెరిగాయని మొత్తుకోవడం మన చేతులతో మనం తెచ్చుకున్న కష్టం.

రెండో వాదన ఇంకా ప్రమాదకరమైనది: “ఒక జాతి పోతే ఇంకో జాతి ఆ చోటు నింపుతుంది, ప్రకృతి ఖాళీని ఉంచదు.” ఖాళీ నిండుతుందన్నది నిజమే. ఎవరు నింపుతారన్నదే ప్రశ్న. రాబందుల సంగతి చూడండి. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి చంపిందని 2004లో రుజువైంది. అప్పటికే దేశంలో తెల్లవీపు రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఖాళీ అయిన ఆ చోటును నింపింది వీధికుక్కలు, ఎలుకలు, కుళ్లిన కళేబరాలతో చెడిన నీళ్లు. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రాబందుల పతనం వల్ల 2000 నుంచి 2005 వరకు మన దేశంలో అదనంగా చనిపోయిన మనుషులు సుమారు ఐదు లక్షలు. ఊరి చివర దిబ్బ మీద వాలే ఆ పక్షిని చూసి మనం మొహం తిప్పుకున్నాం. అది లేకపోవడం మన ప్రాణాలకే చేటని ఊహించలేదు.

మూడో వాదన చదువుకున్నవాళ్లది. “ఈ కీలక జాతుల సిద్ధాంతం అడవులకు సంబంధించింది. పైగా అన్ని అడవుల్లోనూ ఈ చెట్లు కీలకం కాదని శాస్త్రవేత్తలే తేల్చారు” అంటారు. ఆ మాటలో సగం నిజముంది. 1989లో ఆఫ్రికాలోని గాబన్ అడవుల్లో చేసిన పరిశోధన, అక్కడ ఈ చెట్లు మరీ పలచగా ఉన్నాయనీ, పండు తినే జంతువులు వాటి మీద ఆధారపడటం లేదనీ చెప్పింది. ఒప్పుకుంటాను. కానీ గాబన్ ఎందుకలా తప్పించుకుంది? ఆ జంతువులకు అడవి నిండా వేరే పండ్లున్నాయి కాబట్టి. కీలకమన్నది చెట్టు పుట్టుకతో వచ్చే బిరుదు కాదు. చుట్టూ ఇంకేముంది, ఇంకేం లేదు అన్నదాన్ని బట్టి అది తేలుతుంది. మరి మన దగ్గర చుట్టూ ఏముంది? 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది మొదలు ఈ నేలలో అంగుళం అంగుళం పంట కిందికి వచ్చింది. అది మన తిండి, దాన్ని తప్పుపట్టను. కానీ వరి తర్వాత మినుము, మినుము పక్కన జొన్న, మొక్కజొన్న. పండు తినే ప్రాణికి వీటిలో ఏమీ లేదు. ప్రత్యామ్నాయం ఉన్న అడవిలో ఒక మేడి పోతే పోవచ్చు. ప్రత్యామ్నాయం లేని డెల్టాలో పోవడానికి వీల్లేదు. సిద్ధాంతం అడవికన్నా మన ఊరికే ఎక్కువ వర్తిస్తుంది.

“రావిచెట్టు దేవుడి చెట్టు, దాన్నెవరు కొడతారులే” అనే ధీమా ఒకటుంది. గుడి ఆవరణలో ఉన్న రావికి, వేపతో పెళ్లి చేసిన రావికి ఆ రక్ష ఉండొచ్చు. రోడ్డు అంచున ఉన్న రావికి ఒక కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు చల్లి, క్షమించమని చెప్పి రంపం పెడుతున్నారు. మేడికీ జువ్వికీ ఆపాటి మర్యాద కూడా లేదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ రికార్డుకెక్కితే పొంగిపోయాం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. ఆ శ్రద్ధకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఒక మర్రిని యాత్రాస్థలం చేసి, వెయ్యి మర్రులను కలపగా తూకం వేసే తీరు భక్తీ కాదు, రక్షణా కాదు. కందిరీగకు కావలసింది ఒక మహావృక్షం కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటా వంతులవారీగా కాసే మామూలు చెట్లు.

గబ్బిలాల భయం మరొకటి. పెద్ద గబ్బిలాలుంటే నిఫా వస్తుందని, అవి వాలే మర్రినే నరికేయమనే వాళ్లున్నారు. వినుకొండలో పుట్టిన కవి జాషువా అంటరానివాడి గోడును శివుడికి మోసుకెళ్లే పనిని 1941లో గబ్బిలానికి అప్పగించాడు. మన వన్యప్రాణి చట్టం మాత్రం 2022లో సవరించేదాకా పండు తినే గబ్బిలాన్ని ఎలుకతో, కాకితో కలిపి చీడల జాబితాలో ఉంచింది. జబ్బు భయం కొట్టిపారేసేది కాదు. గబ్బిలం కొరికిన పండు ముట్టకూడదు, మూతలేని కుండలో కల్లు తాగకూడదు. అయితే ఆస్ట్రేలియాలో గబ్బిలాల నుంచి గుర్రాలకు పాకే హెండ్రా వైరస్ గురించి పాతికేళ్ల సమాచారం పరిశీలించినవాళ్లు తేల్చింది, అడవిలో తిండి కరువై గబ్బిలాలు ఊళ్లలోకీ పొలాల్లోకీ చెదిరినప్పుడే జబ్బు ఎక్కువగా దాటిందని. చెట్టు కొడితే గబ్బిలం మాయం కాదు, ఆకలితో మన పెరటి జామచెట్టు మీదికి వస్తుంది.

చివరిది, అన్నిటికన్నా బరువైనది: రోడ్డు. ఇరుకు రోడ్ల మీద మనుషులు చనిపోతున్నారు. మనిషి ప్రాణంకన్నా చెట్టు ఎక్కువని నేను అనను, అనేవాళ్లతో నేను లేను. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో అప్పా జంక్షన్‌కూ మన్నెగూడకూ మధ్య సుమారు 46 కిలోమీటర్ల పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రులున్నాయి. రోడ్డు విస్తరణకు వాటిని కొట్టబోతే గొడవ జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి సాగింది. అందులో మనం నేర్చుకోవాల్సింది చెట్టా రోడ్డా అన్న పోటీ కాదు. చెట్ల లెక్క తీయాల్సింది గీత గీసేటప్పుడు. గీత గీసి, టెండరు పిలిచి, గొడ్డలి తెచ్చాక లెక్క తీస్తే జనానికి మిగిలేది ఆలస్యం, చెట్టుకు మిగిలేది చావు. పాత చెట్ల వరసను మధ్యలో డివైడరుగా వదిలి అటువైపు కొత్త దారి వేయవచ్చా, మలుపు కొంచెం ముందే తిప్పవచ్చా అన్నవి ఇంజినీర్లు కాగితం మీద తేల్చగల విషయాలు. మొదట్లోనే అడిగితే చాలావాటికి దారి దొరుకుతుంది.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి ప్రాణుల రిజిస్టరు రాయాలి. అంగలకుదురు సహా తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ ఉన్న ప్రతి పంచాయతీ ఆ రిజిస్టరులో రావి, మర్రి, జువ్వి, మేడి చెట్లను ఒక్కొక్కటిగా రాయాలి: ఎక్కడుంది, తొర్ర ఉందా, ఏయే నెలల్లో పండింది. బడిపిల్లలు ఒక ఏడాది గమనిస్తే ఊరి పండ్ల క్యాలెండర్ తయారవుతుంది. ఆ క్యాలెండర్లో ఏ నెల ఖాళీగా ఉందో తెలిస్తే ఏం నాటాలో, ఎన్ని నాటాలో చెప్పడానికి హైదరాబాదు నుంచీ అమరావతి నుంచీ ఎవరూ రానక్కర్లేదు.

నాటేటప్పుడు కూడా తీరు మార్చాలి. చేయి లావు మర్రి కొమ్మను, జువ్వి కొమ్మను వానాకాలంలో నిలువునా పాతితే వేరు పోసుకుంటుంది. మేకకు అందని ఎత్తులో చిగురేస్తుంది. సంచిలో మొక్కకన్నా కొన్నేళ్లు ముందుంటుంది. పాత గోడ పగుల్లో మొలిచిన రావిని పీకి పారేసే బదులు జాగ్రత్తగా తీసి కాలువ గట్టున పెట్టవచ్చు. తాటిచెట్టు మట్టల సందులో పిట్ట వేసిన విత్తనంతో మొలిచిన మర్రిని మన డెల్టాలో ఎన్నిచోట్లో చూస్తాం. మన నర్సరీలు పెంచని చెట్టును ఆ పిట్ట డబ్బు ఖర్చు లేకుండా పెంచుతోంది. ఆ పండు కోసం వచ్చిన పిట్టల రెట్టలతో ఆ చెట్టు కిందే వేప, ఈత, విరిగి మొలకెత్తుతాయి. ఒక మర్రిని నిలబెడితే మిగతా చెట్లను అదే తెస్తుంది. పది కానుగలు నాటితే పది కానుగలే ఉంటాయి.

ఇకమీదట ఎవరైనా ఒకటికి పది నాటుతామని కాగితం తెస్తే గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగాలి. పోయే చెట్టు ఏ జాతి, వచ్చేది ఏ జాతి? పోయే చెట్టు పండిన నెలలో వచ్చే చెట్టు పండుతుందా? పోయే చెట్టులో తొర్ర ఉంటే, కొత్త చెట్టుకు తొర్ర పడేదాకా ఆ గూడు ఎక్కడ? ఈ మూడింటికీ జవాబు లేని కాగితం మీద సర్పంచి సంతకం పెట్టకూడదు, పెట్టనివ్వకూడదు. ఎన్ని నాటామన్న అంకెతో తృప్తిపడే రోజులు చాలు. ఏం నిలబెట్టామన్నది చెప్పగలిగినప్పుడే దాన్ని పచ్చదనం అందాం.